పక్కకు తిరిగిన గుండు

వెర్నా యోస్ట్ మెట్లెక్కి వచ్చేసరికి హైరమ్ స్ట్రాబ్ కిటికీ దగ్గర నిలబడి ఆపిల్ తొక్క తీస్తున్నాడు. ఆమె కోటు మీద మంచు ఇంకా కరగలేదు. టైపు మిషన్ ముందున్న లూయెల్లా ప్రైస్ లేచి కుర్చీ జరిపినా, ఆమె తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"మా ఆయన మా తమ్ముణ్ణి చంపానంటున్నాడు," అంది. "సోమవారం జడ్జి ముందు ఒప్పేసుకుంటాడట. లాయరు అక్కర్లేదన్నాడు. నాకు ఒక్కటే తెలియాలి, స్ట్రాబ్ గారూ. ఆయనతో ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినొచ్చా, తినకూడదా?"

స్ట్రాబ్ కత్తి కింద పెట్టాడు. రైల్వేలో దొంగతనాలు పట్టే ఉద్యోగం చేసి చేసి, చివరికి ఈ పెన్సిల్వేనియా కొండ ఊళ్ళో దాణా కొట్టు మీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి. ఆయన దగ్గర చేరాక లూయెల్లా రకరకాల ప్రశ్నలు విన్నది. ఇలాంటిది వినలేదు.

వెర్నా చెప్పిన సంగతి చిన్నదే. ఆమె భర్త మెర్విన్ మిల్లులో రంపాలకు పదును పెడతాడు. జింకల వేట మొదలైన రోజున తన బావమరిది డెల్బర్ట్‌తో, పాత స్నేహితుడు ఓరిన్ టేట్‌తో కలిసి అడవికి వెళ్ళాడు. ముగ్గురూ తలా ఒక చోట కూర్చున్నారు. డెల్బర్ట్ చోటు కింద వాగు దగ్గర. మధ్యాహ్నం కావస్తుండగా చెట్లు కొట్టేసిన ఖాళీ మైదానంలోకి ఒక మగ జింక వచ్చింది. మెర్విన్ ఒక్కసారి కాల్చాడు. జింక ఎగిరి పొదల్లోకి మాయమైంది. రక్తపు జాడ కోసం వెళ్ళిన మెర్విన్‌కు మైదానం అవతల ఒక చెట్టు మొదట్లో ఎర్రగళ్ళ కోటు కనిపించింది. చలికి ఆగలేక డెల్బర్ట్ వాగు వదిలి, ఎండ పడే చోటికొచ్చి కూర్చున్నాడు. ఒళ్ళో భోజనం డబ్బా ఉంది. గుండు ఆ రేకు డబ్బాలోంచి దూరి గుండెల్లో దిగింది.

పోలీసు డిప్యూటీ లాయిడ్ గ్రిమ్‌కు అనుమానం మిగల్లేదు. డాక్టరు తీసిన గుండు గొట్టం పావంగుళం వెడల్పుండే రైఫిల్‌ది. మొన గుండ్రంగా, బరువుగా, పొడుగ్గా ఉంది. అలాంటివి ఆ చుట్టుపక్కల ఒక్క మెర్వినే దూరం నుంచి తెప్పించుకుని, ఇంటి నేలమాళిగలో సొంతంగా తూటాలు నింపుకుంటాడు. డబ్బాకు పడిన తూటు మాత్రం గుండ్రంగా లేదు. బొత్తాం కాజాలా పొడుగ్గా ఉంది. గుండు జింకలోంచి దూసుకొచ్చి, దారి తప్పి, అడ్డంగా తిరిగి తగిలిందని లాయిడ్ తేల్చాడు. మెర్విన్ ఆ మాట వెంటనే ఒప్పుకున్నాడు.

"అంత తొందరగా ఒప్పుకున్నాడా?" అన్నాడు స్ట్రాబ్.

"ఎవరైనా అడిగితే బావుణ్ణని ఎదురుచూస్తున్నట్టు ఒప్పుకున్నాడు," అంది వెర్నా.

మెర్విన్ నేలమాళిగ మిల్లులో రంపాల గదిలా శుభ్రంగా ఉంది. తూటాలు నింపే చిన్న మిషన్, త్రాసు, తుపాకి మందు డబ్బా, గుండ్ల పెట్టెలు అన్నీ వాటి వాటి చోట ఉన్నాయి. ఒక పెట్టె చోటు ఖాళీగా ఉంది. గోడకు గుచ్చిన కాగితాల మీద గుండ్రటి తూట్లు, ఒకదాని పక్కన ఒకటి, పెన్సిల్‌తో పొడిచినట్టున్నాయి.

స్ట్రాబ్ హత్య ఊసెత్తలేదు. ఈ గుండే ఎందుకు ఎంచుకున్నావని అడిగాడు. తెలిసిన పని గురించి అడిగేసరికి మెర్విన్ నోరు విప్పాడు.

"పావంగుళం వాళ్ళందరికీ తేలిక గుండు కావాలండీ. మందు నిండా దట్టించి, మెరుపులా పోవాలంటారు. అది ఉడుతలకు బాగానే ఉంటుంది. జింక భుజాన తగిలితే చిట్లిపోయి మాంసమంతా పాడు చేస్తుంది. డెల్బర్ట్, నేను ఈ శరత్కాలమంతా ఇక్కడే కూర్చున్నాం. బరువు గుండు పెట్టాం. మందు తగ్గించాం. భుజానికి దెబ్బుండదు, చప్పుడూ తక్కువే. నిదానంగా వెళ్ళి ఇటునుంచి అటు దూసుకుపోవాలని..." ఆగాడు. "బావా, ఇదే బావుంది అన్నాడు వాడు. ఇద్దరం కలిసే ఎంచుకున్నాం. దూసుకుపోయే గుండు."

స్ట్రాబ్ గోడకున్న కాగితాల దగ్గరికి వెళ్ళి, వాటిని చూస్తూ అడిగాడు.

"ఎన్ని చప్పుళ్ళు విన్నావు?"

"నాదొక్కటే. తర్వాత లోయలోంచి ప్రతిధ్వని వచ్చింది. ఆ రోజు మరీ గట్టిగా వచ్చింది."

"జింక ఎలా ఉంది?"

"మంచి కొమ్ము. తల సగం చెట్టు చాటున ఉంది. కుడి కొమ్ము, భుజం అంతే కనిపించాయి."

"ఆ జింక ఏమైంది?"

మెర్విన్ తల ఎత్తాడు. ఆ కొండల్లో దెబ్బ తగిలిన జంతువును వెతక్కుండా వదిలేసిన వాడి పేరు మంగలి షాపులో ఏళ్ళ తరబడి నలుగుతుంది. "వెతకలేదు," అన్నాడు చాలా మెల్లగా. "ఆ పాపం కూడా ఉంది."

వచ్చేముందు స్ట్రాబ్ ఆ ఖాళీ చోటు చూపించి అడిగాడు. థాంక్స్‌గివింగ్ పండగ భోజనం నాడు ఆ పెట్టె ఓరిన్‌కు ఇచ్చానన్నాడు మెర్విన్. వాడిదీ పావంగుళమే, తూటాలూ వాడే నింపుకుంటాడు. అంతవరకే చెప్పి త్రాసు మీద గుడ్డ కప్పాడు.

ఓరిన్ టేట్ పొయ్యి మీద రొట్టెలు కాలుస్తూ వాళ్ళను కూర్చోమన్నాడు. నవ్వించే మనిషి. ఆ రోజు నవ్వు సగంలో ఆగిపోతోంది. తాను గుట్టకు అవతల కూర్చున్నానని, అసలు కాల్చలేదని, ఏమీ చూడలేదని చెప్పాడు. మెర్విన్ మాట వచ్చేసరికి తల ఊపాడు.

"మెర్వ్ గాడు కాగితాలకు తూట్లు పొడవడంలో మొనగాడండీ. ఒక్క తూటా నింపాలన్నా పెళ్ళి ముహూర్తం పెట్టినంత తతంగం. నా జన్మలో నేను కాగితం మీద కాల్చలేదు. కాగితానికి మాంసం ఉంటుందా, ఏమన్నానా?" రొట్టె తిరగేశాడు. అంచు మాడింది. "ఎంత జాగ్రత్త పడితే ఏం లాభం చెప్పండి. ఆ ఒంటికొమ్ము వెధవ కోసం మనిషి పోయాడు."

గోడ మేకులకు ఆయన తండ్రి నాటి రైఫిల్ వేలాడుతోంది. కింద మీట లాగి కాల్చే పాత రకం. కొత్తగా పూసిన నూనె వాసన గదంతా వస్తోంది. స్ట్రాబ్ దాన్ని మెచ్చుకుని, మాడిన రొట్టె తిని, సెలవు తీసుకున్నాడు.

బయటికొచ్చాక లూయెల్లా ఆగింది. "సార్, ఆయన ఒక మాట అన్నారు..."

"విన్నావు కదా. అడవికి పోయి అది నిజమో కాదో చూద్దాం. లాయిడ్‌ను కూడా రమ్మను. మనిద్దరమే చూస్తే జడ్జి నమ్మడు."

మర్నాడు పొద్దున్న ముగ్గురూ కాకుల అరుపులు పట్టుకుని నడిచారు. రోజులు గడిచాక జింక కోసం వెతకడం లాయిడ్‌కు తిక్కపనిలా తోచింది. ఆ మాట దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. గుట్ట మీద, మైదానం బాగా కనిపించే చోట, ఒక మొద్దు ఉంది. దాని చుట్టూ మంచు తొక్కి ఉంది. ఆ మొద్దు కింది వాలులోనే, పొదల మధ్య, జింక గడ్డకట్టి పడి ఉంది. నక్కలు వెనక భాగం తిన్నాయి. భుజాలు అలాగే ఉన్నాయి. కుడి కొమ్ము నిండుగా ఉంది. ఎడమ కొమ్ము మొదట్లోనే విరిగిపోయింది. విరిగిన చోటు ఎప్పటిదో, నల్లబడి నున్నగా ఉంది.

కుడి భుజాన గుండ్రటి గాయం ఉంది. స్ట్రాబ్ జంతువును తిరగేశాడు. అవతలి వైపు తోలు ఎక్కడా చిరగలేదు. చేత్తో తడిమి, ఒక చోట ఆగి, కత్తితో కోశాడు. తోలు కిందనుంచి పుట్టగొడుగులా విచ్చుకున్న గుండు బయటికొచ్చింది.

"మందు తగ్గించాడు కదా," అన్నాడు. "ఎముక దాటింది. తోలు దగ్గర ఆగిపోయింది. తను కోరినట్టు దూసుకుపోలేదు."

లాయిడ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

లూయెల్లా ఆనందం పట్టలేకపోయింది. "అయితే మెర్విన్ గారి తప్పు ఇక్కడితో తీరిపోయినట్టే కదా, సార్?"

"గుండు దారి ఇక్కడితో తీరింది," అన్నాడు స్ట్రాబ్.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ వెర్నా వంటింట్లో కలిశారు. ఆ రోజు అడవిలోంచి తిరిగొచ్చిన ఇద్దరి తుపాకులూ తెమ్మని లాయిడ్ కబురు పెట్టాడు. రెండు రైఫిళ్ళు తలుపు వారగా ఆనించి ఉన్నాయి. వెర్నా పొయ్యి దగ్గర నిలబడింది. మెర్విన్ గోడకు ఆనుకుని ఉన్నాడు, కుర్చీలోకి రమ్మన్నా రాలేదు. ఓరిన్ టోపీని ఒళ్ళో పెట్టుకుని తిప్పుతున్నాడు.

స్ట్రాబ్ జింకలో దొరికిన గుండు బల్ల మీద పెట్టాడు.

"మెర్విన్ ఒక్కసారే కాల్చాడు. ఆ గుండు ఇది. కాబట్టి డెల్బర్ట్‌ను చంపింది మెర్విన్ కాదు."

వెర్నా పొయ్యి అంచు పట్టుకుంది. మెర్విన్ ఆ గుండు వైపు చూశాడు గాని ముట్టుకోలేదు.

స్ట్రాబ్ తొందరపడకుండా చెప్పుకుపోయాడు. డెల్బర్ట్ ఒంట్లో దొరికింది కూడా ఇదే రకం గుండు. ఇది ఉన్నది ఇద్దరి దగ్గరే. కొనుక్కున్నవాడి దగ్గర, బహుమతిగా పుచ్చుకున్నవాడి దగ్గర. డబ్బా తూటు పొడుగ్గా ఉంది, కాని ఆ గుండు జింకను దాటి రాలేదు. ఆ చెట్టు ముందున్న మైదానంలో రెమ్మ కూడా అడ్డం లేదు. మరి అడ్డంగా ఎలా తిరిగింది?

"గుండు బొంగరం లాంటిది. తిరిగినంతసేపే నిటారుగా పోతుంది. పొట్టి బొంగరం కొంచెం తిరిగినా నిలుస్తుంది. పొడుగుది నిలవాలంటే గట్టిగా తిప్పాలి. ఆ తిప్పడం గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు, అంటే మరలు చేసే పని. మెర్విన్ రైఫిల్‌లో మరలు బిగువు, అందుకే ఆయన కాగితాల మీద తూట్లన్నీ గుండ్రంగా ఉన్నాయి. పాతకాలపు పావంగుళాల్లో మరలు వదులు. తేలిక గుండ్ల కోసం చేసినవి. కొలత ఒకటే కాబట్టి బరువు గుండు అందులో చక్కగా పడుతుంది, పేలుతుంది. గొట్టం దాటాక పల్టీ కొట్టి, గురి వదిలేసి ఎటో పోతుంది. జింకకు బరువు గుండే మంచిదని ఎవరో అన్నది విని, కాగితం మీద చూసుకోకుండా అడవికి తీసుకెళ్ళినవాడు చేసే పొరపాటు అది."

ఓరిన్ టోపీ తిరగడం ఆగింది.

"ప్రతిధ్వని గట్టిగా వచ్చిందన్నాడు మెర్విన్. అది ప్రతిధ్వని కాదు. ఇంకో మాట. ఆ జింకను చంపినవాడు మంచి కొమ్మన్నాడు, ఎడమ కొమ్ము విరిగిందని ఆయనకు ఈ రోజుకీ తెలియదు. నిన్నటిదాకా ఆ జింకను ఎవరూ వెతకలేదు. గుట్ట అవతల కూర్చుని ఏమీ చూడని మనిషి మాత్రం దాన్ని ఒంటికొమ్ము అన్నాడు." స్ట్రాబ్ తలుపు వైపు తిరిగాడు. "లాయిడ్, పెరట్లో కట్టెల మోపుకు ఒక అట్ట ఆనించు. రెండు రైఫిళ్ళతోనూ ఒక్కొక్కటి కాలుద్దాం."

లాయిడ్ పాత రైఫిల్ మీద చెయ్యి వేశాడు.

"వద్దు," అన్నాడు ఓరిన్. "కాల్చొద్దు. ఆ చప్పుడు మళ్ళీ నేను వినలేను."

తర్వాత అంతా గొంతు తగ్గించి చెప్పాడు. మెర్విన్ కాల్చగానే జింక తన వైపు ఎగిరింది. తనూ కాల్చాడు. ఎక్కడా తగల్లేదనుకున్నాడు. కిందికి దిగి చూసేసరికి మెర్విన్ డెల్బర్ట్‌ను ఒళ్ళో పెట్టుకుని, నేనే చంపాను, నేనే చంపాను అంటున్నాడు.

"నోరు తెరిచాను, వెర్నా. దేవుడి తోడు, తెరిచాను. ఈలోగా వాడే అనేశాడు. నిజంగా వాడిదేనేమో అనుకున్నాను. అనుకోవడం మొదలెట్టాక ఆపలేకపోయాను." మెర్విన్ వైపు చూశాడు. "ఒరేయ్ మెర్వ్. సోమవారం లోపు చెబుదామనే ఉన్నాన్రా."

"రేపే సోమవారం," అంది వెర్నా.

లాయిడ్ ఓరిన్‌కు కోటు అందించాడు. వాళ్ళిద్దరూ గుమ్మం దాటుతుండగా మెర్విన్ మొదటిసారి గోడ వదిలి ముందుకొచ్చాడు.

"ఆగండి. స్ట్రాబ్ గారు చెప్పినదాంట్లో ఒకటి తక్కువైంది." స్ట్రాబ్ వైపు కాక వెర్నా వైపు చూస్తూ మాట్లాడాడు. "ఓరిన్ తుపాకీకి ఆ గుండు పనికిరాదని నాకు తెలుసు. పెట్టె ఇచ్చిన రోజే తెలుసు. భోజనాల దగ్గర వాడు నా కాగితాల మీద జోకులేశాడు. డెల్బర్ట్ కూడా నవ్వాడు. నాకు ఉక్రోషం వచ్చింది. తీసుకో, జింకకు దీన్ని మించింది లేదన్నాను. ఎవడైనా ముందు కాగితం మీద చూసుకుంటాడు కదా అనుకున్నాను. అడ్డం తూట్లు చూసి నా దగ్గరికే వస్తాడు, అప్పుడు నేనూ నవ్వొచ్చనుకున్నాను." ఆగాడు. "వాడు ఎప్పుడూ చూసుకోడని కూడా తెలుసు నాకు. ఆ ఉక్రోషంలో అది మర్చిపోయాను. చంపింది నేనేనని నాకు అంత తేలిగ్గా ఎందుకు అనిపించిందో ఇప్పుడర్థమైంది."

గుమ్మంలో ఓరిన్ తల వంచుకున్నాడు. లాయిడ్, ఇది తన పరిధిలోది కాదని తెలిసినట్టు, అతన్ని తీసుకుని తలుపు మెల్లగా మూసి వెళ్ళాడు.

లూయెల్లా స్ట్రాబ్ వైపు చూసింది. దీనికీ ఆయన దగ్గర జవాబుంటుందని ఆమె నమ్మకం. ఆయన బల్ల మీది గుండు తీసి రుమాల్లో చుట్టుకుంటున్నాడు, అంతే.

పొయ్యి మీద కుండలో ఏదో ఉడుకుతోంది. వెర్నా చాలాసేపు దాని వైపే చూసింది. తర్వాత అరలోంచి పళ్ళేలు దించింది. ఒకటి తన చోట పెట్టింది. రెండోది చేతిలో పట్టుకుని నిలబడింది. డెల్బర్ట్ కూర్చునే వైపు చూసింది. చివరికి ఆ పళ్ళెం మెర్విన్ చోట, చప్పుడు కాకుండా పెట్టింది.

మెర్విన్ కదల్లేదు. "నాకు ఆ అర్హత లేదు, వెర్నా."

"లేదు," అంది ఆమె. "అది నువ్వు మొయ్యాల్సిందే. నా వల్ల తీసేది కాదు." కుర్చీ వెనక్కి లాగింది. "కూర్చుని మొయ్యి."