చివరి మనిషి గంట

అనగనగా అన్నాక వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ కొడితేనే కథ ముందుకు నడుస్తుంది. ఈ కథకు మాత్రం, ఊఁ అన్నది ఎవరో చూసుకుని మరీ ముందుకు నడవాలి.

అనగనగా ఒక కొండ ఊరు. రాతి గోడల ఇళ్ళు, వాటి మధ్య మెట్ల దారులు, కింద లోయ. ఆ లోయను చూడటానికి పట్నంవాళ్ళు వచ్చి ఆ ఇళ్ళలోనే బస చేసేవారు. అలాంటి ఒక ఇంట్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వచ్చినవాళ్ళను కొండ మీదికి తీసుకువెళ్ళి, చీకటి పడకముందే క్షేమంగా దించడం అక్క పని. వాళ్ళకు వండిపెట్టడం చెల్లెలి పని. తల్లి పోయిన నాటినుంచి చెల్లెల్ని అక్కే సాకింది. ఆ పిల్లే ఆమెకు లోకం.

కొండదారి ఒక్క మనిషి పట్టేంత సన్నం. ఒక పక్క బండ. రెండో పక్క ఏమీ లేదు. ముందు నడిచే మనిషి వెనక్కి తిరిగిందంటే కాలు తప్పుతుంది. అందుకని, అక్కకు ఆ పని నేర్పిన మేనమామ ఒక పద్ధతి పెట్టాడు. అందరికన్నా చివర నడిచే మనిషి నడుముకు ఇత్తడి గంట కట్టుకోవాలి. గంట వినబడుతున్నంతసేపూ అందరూ వస్తున్నట్టే. గంట ఆగి మళ్ళీ మోగిందా, పేరు పెట్టి పిలవాలి. జవాబు వచ్చాకే అడుగు వెయ్యాలి.

ఎప్పుడూ చివర నడిచేది మామయ్యే. ఆ రోజు ఆయన మోకాలు పట్టేసింది.

"నేనొస్తానక్కా," అంది చెల్లెలు, అప్పటికే గంట కట్టుకుంటూ. "పొద్దస్తమానం ఆ పొయ్యి దగ్గర నేనూ ఉడికిపోతున్నా."

"నోరు మూసుకుని నడుస్తానంటే రా."

"నోరు మూసుకుంటే నాకు కాళ్ళు ఆడవే!"

ఆ రోజు వచ్చినవాళ్ళు ఒక కొత్త జంట, ఉద్యోగ విరమణ చేసిన ఒక మాస్టారు. ఎక్కినంతసేపూ చెల్లెలు మాస్టారికి కబుర్లు చెబుతూనే ఉంది. దిగేటప్పుడు లోయలోంచి పొగమంచు లేచింది. ముందు చెట్లు పోయాయి, తరవాత దారి పోయింది, ఆ తరవాత అక్కకు తన చెయ్యే కనబడకుండా పోయింది. తడిసిన రాయి వాసన, కుళ్ళిన ఆకుల వాసన. వెనకనుంచి గంట మాత్రం నెమ్మదిగా, అడుగుకొకసారి, మోగుతూ వచ్చింది. అక్క చెవులతోనే నడిచింది.

దారికి అడ్డంగా పారే వాగు దాటి నాలుగడుగులు వేశారో లేదో, గంట ఆగింది.

అక్క ఆగింది.

"ఏమైందమ్మాయ్?" అన్నారు మాస్టారు.

"ఇక్కడే నిలబడితే గడ్డకట్టుకుపోతాం, పదండి," అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. అతని భార్య పళ్ళు టకటకమంటున్నాయి.

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు... అప్పుడు గంట మోగింది.

పిలవడానికి అక్క నోరు తెరిచింది. వస్తోందిగా, అనుకుంది. పిలవలేదు.

ఇల్లు చేరేసరికి మసక చీకటి. అందరూ లోపలికి వచ్చారు. అందరి వెనక చెల్లెలు. గంట విప్పి కొయ్యకు తగిలించింది. పొయ్యి పక్కన కూర్చుని, మంటకేసి చేతులు చాచింది. అక్క గుండెలమీది బరువు దిగింది.

"మీ చెల్లెలికి దిష్టి తగిలినట్టుందమ్మాయ్," అన్నారు మాస్టారు, తల తుడుచుకుంటూ. "వాగుదాకా నా చెవులు తినేసింది. దాటాక ఉలుకూ లేదు, పలుకూ లేదు."

అక్క చెల్లెలికేసి చూసింది. చీర అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. మంట పక్కనే కూర్చున్నా... ఆవిరి లేవడం లేదు.

అప్పుడు వినబడింది.

దూరంగా. కొండ మీదనుంచి. అడుగుకొకసారి.

"ఇంకెవరైనా వస్తున్నారా?" అంది కొత్త పెళ్ళికూతురు.

గంట కొయ్యకే ఉంది. కదలడం లేదు.

చప్పుడు మెట్ల దారి దిగింది. గోడ పక్కగా వచ్చింది. గుమ్మం ముందు ఆగింది.

"అక్కా..." బయటినుంచి, ఊపిరి అందని గొంతు. "నన్ను వదిలేసి వచ్చేశావేంటే... పిలుస్తావని నిలబడ్డా..."

అక్క గడియ మీద చెయ్యి వేసింది.

"తియ్యకక్కా," అంది పొయ్యి దగ్గరనుంచి, అదే గొంతు. "నేనిక్కడే ఉన్నాగా."

అక్క చెయ్యి గడియ మీదే ఉంది. ఒక గొంతు ఏడుస్తోంది. ఒక గొంతు ఎదురుచూస్తోంది. ఏ గొంతుకు జోలపాడి పెంచిందో ఆమెకు తెలియలేదు.

చెయ్యి వెనక్కి తీసేసింది.

బయట గంట చాలాసేపు అక్కడే నిలబడింది. తరవాత మెట్లెక్కి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

తెల్లవారాక తలుపు తీస్తే గుమ్మం రాతి మీద ఇత్తడి గంట ఉంది. అదే సొట్ట, అదే తాడు. మామయ్య కుంటుకుంటూ వచ్చి దాన్ని చూశాడు, కొయ్యకున్న గంటను చూశాడు. ఆయన జన్మలో చేయించింది ఒక్కటే గంట.

"పిలిచావా?" అని మాత్రం అడిగాడు.

అక్క తల వంచుకుంది.

ఈ కథను నాకు మొదట చెప్పింది మా అమ్మమ్మ. ఆ అక్క ఆమే. మేము ఊఁ కొట్టడం మరిచిన ప్రతిసారీ ఆమె చెప్పడం ఆపేది. అప్పుడు పొయ్యి పక్కనుంచి చిన్నమ్మమ్మ ఊఁ అనేది. ఎంత మండు వేసవిలోనూ, ఆమె చీర అంచు తడిగానే ఉండేది.