తొంభై ఎనిమిది డిగ్రీలు

ఎస్సై సుప్రజ కళ్లముందే కంప్యూటర్ చచ్చింది.

తెర మీద పెళ్లికూతురు తలంబ్రాలు ఎత్తింది. అవి పెళ్లికొడుకు తల మీద పడకముందే తెర నల్లబడింది.

"చూసినారా మేడమ్?" స్టూడియో ఓనర్ భూపేష్ టేబుల్ మీద గుద్దాడు. "ప్రాసెసర్ మార్చినప్పట్నుంచి ఇదే కత. ఇది వేంపల్లె వాళ్ల పెళ్లి వీడియో. ఎల్లుండి ఇయ్యకుంటే స్టూడియో పగలగొడతామంటాండారు. ఈ నా కొడుకు ఒరిజినల్ కొట్టేసి డూప్లికేట్ పెట్టినాడు."

తిట్టింది మూలన నిలబడిన అక్రమ్‌ని. ఈ కాంప్లెక్స్‌లోనే కింద కంప్యూటర్ రిపేరు అంగడి అతనిది. పెదవి వాచి ఉంది. పొద్దున భూపేష్ నలుగురిని వెంటేసుకుని పోయి కొట్టాడు. కాంప్లెక్స్ తనదే కాబట్టి అంగడికి బీగం కూడా వేశాడు. డోన్ ఊరు మొత్తంలో ఇంత వేగంగా తీర్పు చెప్పే కోర్టు ఇంకోటి లేదు. అదంతా అయ్యాక పోలీసులకు ఫోన్ చేశాడు.

"ఎఫ్ఐఆర్ రాయండి మేడమ్. వీడు ఇంగ ఈ ఊర్లో అంగడి తెరవకూడదు."

"రాస్తా. ముందు చూడనీ."

సుప్రజ కుర్చీ లాక్కుంది. ఇంజినీరింగ్ చదివి పోలీసుల్లో చేరిన మనిషి. భూపేష్ అరుపులకు ఆమెకు అప్పుడే విసుగు పుట్టింది.

కంప్యూటర్ ఆన్ చేసింది. విండోస్ మొదలుకాక ముందే సెట్టింగ్స్ తెర తెరిచింది.

"ప్రాసెసర్ డబ్బా ఏది?"

భూపేష్ అందించాడు. డబ్బా మీది పేరు, తెర మీది పేరు సరిపోయాయి.

"ఒరిజినలే. దొంగతనం కాదు."

"అయితే వైరస్. నా దగ్గర ఎడిటింగ్ మానేసి ఎదురు స్టూడియోలో చేరినాడే వసంతకుమార్, వాడే పెట్టింటాడు."

"విండోస్ ఇంకా మొదలే కాలేదప్పా. వైరస్ యాడినుంచి వస్తుంది? ఈ అంకె చూడు."

తెర మీద ప్రాసెసర్ ఉష్ణోగ్రత. ఎనభై. తొంభై. తొంభై ఎనిమిది. అంతలో మళ్లీ నల్లబడింది.

"లోపల ఉడికిపోతాండాది. కాలిపోకుండా తనే ఆగిపోతాండాది."

"ఫ్యాన్ తిరుగుతాండాది కదా?"

"తిరుగుతాంది. వేడే ఫ్యాన్ దాకా రావడంలేదు." సుప్రజ అక్రమ్ వైపు తిరిగింది. "బిగించింది ఎవరు?"

"నేనే మేడమ్."

"ఎప్పుడు?"

"శుక్రవారం పదకొండు గంటలకు. ఈ టేబుల్ మీదనే."

"ఎవరుండారు?"

"భూపేష్ అన్న ఉండాడు. వాళ్లమ్మ ఉండాది."

"వేడి లాగే పేస్ట్ వేసినావా?"

"వేసినా."

"విప్పు. చూస్తాం."

అక్రమ్ కదల్లేదు.

"వద్దు మేడమ్. కేసు రాసుకోండి."

భూపేష్ పగలబడి నవ్వాడు. "దొరికినాడు దొంగ."

సుప్రజకూ అనుమానం వచ్చింది. నాలుగు స్క్రూలు విప్పడం కంటే జైలుకు పోవడమే మేలనుకునే మనిషిని ఆమె ఎప్పుడూ చూడలేదు. దొంగైతే కాళ్లావేళ్లా పడాలి, లేదంటే పారిపోవాలి. ఇతను దేనికో భయపడుతున్నాడు. అది పోలీసులకు మాత్రం కాదు.

ఆమె గదంతా కలయజూసింది. కెమెరా మీద కుంకుమ బొట్టు. ఏసీ మీద బొట్టు. యూపీఎస్‌కూ, ప్రింటర్‌కూ బొట్లే. కంప్యూటర్ డబ్బా మీద ఎప్పుడో పెట్టిన బొట్టు వెలిసిపోయి ఉంది. మొన్న కొత్తగా వచ్చిన ప్రాసెసర్ పేరిట మాత్రం బొట్టు ఎక్కడా కనపడలేదు.

గడప దగ్గర భూపేష్ తల్లి గురమ్మ కూర్చుని ఉంది.

"అమ్మా, కొత్త వస్తువు ఏదొచ్చినా పూజ చేస్తారా?"

"చేయకుండా యాడన్నా వాడతామా తల్లీ?"

"మరి ప్రాసెసర్‌కు?"

"చేసినా. దేవుని ముందర పెట్టి, పసుపు తడిపి పూసి, కుంకుమ పెట్టి, నా చేత్తోనే అక్రమ్‌కు ఇచ్చినా."

"పసుపు యాడ పూసినావు?"

"నడిమధ్యన. ఆడ నున్నగా మెరుస్తాండె."

అక్రమ్ కళ్లు మూసుకున్నాడు.

స్క్రూడ్రైవర్ సుప్రజే తీసుకుంది. ఫ్యాన్, దాని కింది లోహపు దిమ్మ ఊడి వచ్చాయి. ప్రాసెసర్ నడుమ పసుపు ఎండి పెచ్చు కట్టి ఉంది. దాని మీద ఎర్రగా కుంకుమ. బూడిదరంగు పేస్ట్ చుట్టూ పక్కలకు జరిగిపోయింది.

"ఈ మెరిసే భాగమూ, ఈ దిమ్మా అతుక్కొని ఉండాల," అంది సుప్రజ. "మధ్యన పేస్ట్ సన్నగా ఉంటే చాలు. వేడి దిమ్మలోకి పోతుంది, ఫ్యాన్ చల్లార్చుతుంది. ఈడ పసుపు పెచ్చు అడ్డం పడింది. వేడి పోను దోవ లేదు." ఆమె అక్రమ్ ఎదుటికి వచ్చి నిలబడింది. "ఇది నీకు తెలుసు. ఎందుకు తుడవలేదు?"

అక్రమ్ ఆ పసుపు పెచ్చు వైపు చూశాడు.

"అమ్మ కండ్లకద్దుకొని ఇచ్చింది మేడమ్. అన్న పక్కనే నిలబడుకొని చూస్తాండాడు. నేను గుడ్డ తీసుకొని ఆ బొట్టు తుడిస్తే ఏమంటాడో అని జంకినా. పలచగానే ఉండాది, పేస్ట్‌తో సర్దుకుంటుందిలే అనుకున్యా."

"పొద్దున దొంగ అన్నప్పుడైనా చెప్పొచ్చు కదా?"

"నలుగురు మీద పడి కొడతాంటే, 'మీ పూజ పసుపే కారణం' అనమంటారా? దొంగ అంటే నేనొక్కడినే పోతా. ఆ మాట అంటే గొడవ మా సాయిబుల వీధి మొత్తం మీదికి వస్తుంది."

సుప్రజకు భూపేష్‌ను చూస్తే ఒళ్లు మండింది.

"నేనేమంటానురా?" భూపేష్ నసిగాడు. "చెప్పింటే..."

"నువ్వు నోరు మూసుకో. కొట్టినందుకు, బీగం వేసినందుకు నీ మీద కేసు రాస్తాండా. బీగంచెవి ఇటియ్యి."

భూపేష్ తాళంచెవి ఇచ్చాడు. ఆమె దాన్ని అక్రమ్ చేతిలో పెట్టింది.

గురమ్మ లేచి వచ్చింది. సుప్రజ ప్రాసెసర్‌ను జాగ్రత్తగా తీసి ఆమె అరచేతిలో పెట్టింది. ముసలామె కొంగు కొన తడిపి, పసుపు, కుంకుమ మెల్లగా తుడిచింది. నున్నటి లోహం మళ్లీ మెరిసింది.

"మొన్ననే తుడిచింటే నేనేమన్నా అందునా నాయనా?"

"మీరు అనరమ్మా," అన్నాడు అక్రమ్. "అది నాకు తెలుసు."

భూపేష్ తల ఎత్తలేదు.