పోవడం ఒకటి, రావడం లేదు

మోటారు బండి మచ్చుకైనా కనబడని దారి ఆ చుట్టుపక్కల ఉందంటే, అది ఆయన గీసిన దారే. సముద్రం పక్కనుంచి, ఉప్పుమడుల మధ్యనుంచి, పట్టాలు పీకేసిన పాత రైలు గట్టు మీదుగా తొంభై కిలోమీటర్ల సైకిల్ దారి. ఎక్కడ కంకర జారుతుందో, ఏ మలుపులో కుక్క వెంటపడుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఆఫీసులో అందరూ 'దారాయన' అనేవాళ్ళు. బాణం గుర్తులు పాతడం, విరిగిన గేట్లు బాగుచేయడం, ఎవరైనా ఫోన్ చేసి దారి అడిగితే విసుక్కోకుండా చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ చెప్పడంలోనే వచ్చింది చిక్కంతా.

ఆ రోజు పొద్దున ఆఫీసుకొచ్చి హెల్మెట్ ఇంకా మేకుకు తగిలించలేదు, కంప్యూటర్ ముందు కూర్చునే అమ్మాయి పిలిచింది. దారి పొడవునా సిమెంటు కింద పాతిన కౌంటర్లున్నాయి. పైనుంచి సైకిల్ వెళితే చాలు, ఎటు వెళ్ళిందో కూడా లెక్క పంపుతాయి. ఆ లెక్కలు చూడటం ఆ అమ్మాయి పని.

“బాబాయ్, మూసేసిన కట్ట దారిలో ఎవరో తిరుగుతున్నారు.”

“ఎవరు తిరుగుతారే? గేటుకు తాళం వేసింది నేనేగా.”

“మూసేశాం కదా అని ఇన్నాళ్ళూ నేనూ చూళ్ళేదు. నాలుగు నెలలుగా రోజుకొకటి. పోవడం ఒకటి, రావడం లేదు. ఒక్క రోజంటే ఒక్క రోజు కూడా రావడం లేదు బాబాయ్! పైగా టైము చూడండి. రోజూ ముందు రోజుకన్నా ముప్పావుగంట ఆలస్యం. నిన్న సరిగ్గా నాలుగింటికి.”

ముప్పావుగంట అనేసరికి ఆయన మేకుకు తగిలించబోయిన హెల్మెట్ మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. సముద్రానికి పోటు కూడా రోజురోజుకీ అంతే ఆలస్యంగా వస్తుంది. ఆ పిల్లకు అది తెలియదు.

“యంత్రం పాడైపోయుంటుంది. వెళ్ళి బ్యాటరీ పీకేసొస్తాను.”

“మూడింటికల్లా వచ్చేయండి. ఆ నర్సు వాళ్ళమ్మ వస్తానన్నారు, గుర్తుందిగా?”

గుర్తులేకపోవడమా! వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు ఆయనకు.

అసలు జరిగింది ఇదీ. ఆ దారి చివర ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. దాని మీద అడుగెత్తు రాతికట్ట. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు పొడిగా ఉంటుంది, పోటు వచ్చిందంటే పావుగంటలో నడుములోతు. ఆ సంగతి చెప్పే బోర్డు కట్ట మొదట్లో పెట్టాలి. బోర్డు వచ్చింది, బోల్టులు రాలేదు. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటూ దాన్ని స్టోరు గదిలో గోడకానించి, బాణాలు మాత్రం పాతేశాడు. ఒక సాయంత్రం నర్సు ఒకావిడ ఫోన్ చేసింది.

“కట్ట మీదుగా అటు వెళ్ళొచ్చా అండీ?”

ఆయన చేతిలో టీ కప్పుంది. “భేషుగ్గా వెళ్ళొచ్చమ్మా. ఒక్క బండి రాదు. కళ్ళు మూసుకుని తొక్కుకుంటూ పోవచ్చు,” అన్నాడు. పోటు మాట తట్టనే లేదు. మర్నాడు ఆవిడ సైకిల్ దొరికింది. ఆ మర్నాడు ఆవిడ దొరికింది. నాలుగు నెలల కిందటి మాట ఇది; కట్ట దారి మూసేసింది అప్పుడే.

విచారణకొచ్చినవాళ్ళు అడిగితే, “బోర్డు పెట్టానండీ, నీళ్ళకు కొట్టుకుపోయుంటుంది,” అన్నాడు. ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో ఆయనకే తెలియదు. అందరూ నమ్మారు. బోర్డు చూసి కూడా వెళ్ళిందంటే ఎంత మొండి మనిషో అన్నారు. చచ్చిపోయినావిడ మీద నింద పడింది, ఈయన తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. బోర్డు మాత్రం ఇంకా స్టోరులోనే, పాత టైర్ల వెనక ఉంది. వచ్చే వారం స్టోరు ఖాళీ చేస్తారట.

దాన్ని గోనెపట్టాలో చుట్టి సైకిల్ క్యారియర్‌కు కట్టాడు. ఏటి బురదలో పడేస్తే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఆడిన అబద్ధం నిజమవుతుంది. సిగ్గుతో ఆయన కుంచించుకుపోయాడు, అయినా తాడు గట్టిగానే బిగించాడు.

పది గంటలైనా మంచు విడలేదు. గేటు తాళం తీసి, కౌంటరు మీది సిమెంటు మూత ఎత్తి బ్యాటరీ పీకి జేబులో వేసుకున్నాడు. అక్కణ్ణుంచి కట్ట దాకా కిలోమీటరు. నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. రెండు పక్కలా నల్లటి బురద, కుళ్ళిన నాచు కంపు. ఎక్కడో బురదలో బుడగలు పగులుతున్నాయి. తన గొలుసు చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పోటుకు ఇంకా ఆరు గంటల పైనే ఉంది కదా అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

కట్ట మధ్యలో దిగి, పట్టా విప్పి బోర్డు విసిరాడు. అది వెల్లకిలా పడింది. 'పోటు వేళ ఈ దారి మునిగిపోతుంది. వెళ్ళకండి.' నిన్న రాసినట్టు మెరుస్తున్నాయి ఎర్రటి అక్షరాలు. ఒంగుని చేత్తో బురద తీసి పులిమాడు. 'వెళ్ళకండి' అన్నది ఒక్కటీ ఎంత పులిమినా కనబడుతూనే ఉంది.

ట్రింగ్.

వెనకనుంచి సైకిల్ బెల్లు. మర్యాదగా, దారి ఇమ్మన్నట్టు.

అలవాటు కొద్దీ పక్కకు జరిగాడు. ఎవరూ రాలేదు… కానీ పొడి రాళ్ళ మీద ఒక తడి గీత. సన్నగా, టైరంత వెడల్పున. ఆయన చూస్తుండగానే ముందుకు సాగింది. ఆయన పక్కకొచ్చి ఆగింది.

ఉప్పు వాసన. చల్లటి ఊపిరి చెవి మీద.

“అటు… వెళ్ళొచ్చా అండీ?”

వద్దు అనాలి. ఒక్క మాట. నాలుగు నెలలుగా రోజూ మనసులో అనుకుంటున్న మాటే. నోరు పెగల్లేదు…

పై ప్రాణాలు పైనే పోయాయి. సైకిల్ ఎలా ఎక్కాడో, గేటు ఎలా దాటాడో తెలియదు. ఆఫీసు చేరాకే వెనక్కి తిరిగి చూశాడు.

మూడింటికి నర్సు తల్లి వచ్చింది. పొట్టి మనిషి, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

“మందు సీసా మీద చీమ తలంత అక్షరాలు కూడా చదివి గానీ మందిచ్చేది కాదు బాబూ మా అమ్మాయి. అంత బోర్డుంటే చదవకుండా పోతుందా? నిజం చెప్పు నాయనా, నేను ఎవరి మీదా కేసు వెయ్యను. నా బిడ్డ మొండిది కాదని తెలిస్తే చాలు.”

ఆయన బూట్లకు అంటిన బురద వంకే చూస్తూ కూర్చున్నాడు.

“పెట్టానమ్మా,” అన్నాడు. “బోర్డు పెట్టాను.”

ఆవిడ లేచి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. దణ్ణం బదులు చెంప మీద కొట్టినా బాగుండేది అనుకున్నాడు.

నాలుగూ నలభైకి ఇల్లు చేరేసరికి గుమ్మంలో నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. భార్య గుడ్డతో తుడుస్తోంది.

“ఎవరో ఆవిడ సైకిల్ మీద వచ్చిందండీ. తడిసి ముద్దయిపోయింది పాపం. కట్ట దారి ఎటని అడిగింది. మూసేశారుగా అన్నాను. పొద్దున మీరే తాళం తీశారంది.”

ఆయన జేబు తడుముకున్నాడు. బ్యాటరీ తగిలింది. తాళంచెవి లేదు. గేటు తీసింది తీసినట్టే వదిలేసి పారిపోయొచ్చాడు.

“మన అమ్మాయేదీ?”

“ఆవిడ కళ్ళల్లో ఉప్పునీళ్ళు పడ్డాయట, తెరవలేకపోతోంది. మాట్లాడినంతసేపూ మూసుకునే ఉంది. మన పిల్ల జాలిపడి దారి చూపిస్తానని తనూ సైకిలెక్కింది. మీరే చెప్పారటగా, కళ్ళు మూసుకుని పోవచ్చని? … ఏవండీ! ఏమైందండీ?”

కూతురి ఫోన్ బల్ల మీదే ఉంది. ఆయన వీధిలోకి పరిగెత్తి సైకిల్ అందుకుంటుండగా జేబులో తన ఫోన్ మోగింది. ఆఫీసు అమ్మాయి.

“బాబాయ్… బ్యాటరీ పీకానన్నారుగా?”

“పీకాను. నా దగ్గరే ఉంది.”

“మరి ఇప్పుడే లెక్క వచ్చింది. పోవడం… రెండు.”

టైము నాలుగూ నలభై అయిదు.

“పెట్టలేదే తల్లీ!” నడివీధిలో గొంతు చించుకుని అరిచాడు ఆయన. “బోర్డు పెట్టలేదు! నేనే పెట్టలేదు, నేనే వెళ్ళమన్నాను, ఆ నర్సు తప్పేం లేదు! వాళ్ళమ్మకు చెప్పు! అందరికీ చెప్పు!”

అవతల కంప్యూటర్ మళ్ళీ కుయ్యిమంది. ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకుని చూస్తున్నారు.

“బాబాయ్…” అంది ఆ అమ్మాయి గుసగుసగా. “రావడం ఒకటి.”

వచ్చేది కూతురో, ఆవిడో అడగకుండానే ఆయన సైకిలెక్కాడు.