పిలవని చుట్టం

డ్రైవింగ్ మాస్టారి భార్య పాలు పొయ్యి మీద పెట్టిందో లేదో, వీధి తలుపు దబదబా మోగింది. తీసి చూస్తే మాస్టారి అక్క. చేతిలో పెట్టె, ముఖంలో కయ్యానికి కాలుదువ్వే కళ.

"ఎక్కడమ్మా ఆ చుట్టం? బేకరీ కొత్త చోటికి మార్చాను రమ్మంటే చుట్టం ఉన్నాడన్నావు. నాకు జ్వరమొస్తే కూడా చుట్టమే అడ్డమొచ్చాడు. ఇన్నాళ్లు తిష్ఠ వేసినవాణ్ణి సాగనంపితే గానీ కదలను."

"ముందు కూర్చోండి వదినా" అంది ఆమె. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తమ్ముడికి పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిందనీ, గండం గడిచిందనీ వదినకు తెలుసు. పొట్టకు రంధ్రం పెట్టి, మలం దిగడానికి సంచి తగిలించారన్న సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పనివ్వలేదు. ఇంటికొచ్చిన రోజు "పిలవని చుట్టం, ఇక పోడు" అని సంచికి పేరు పెట్టింది ఆయనే. ఆ సరదా అక్కడితో సరి. పేరు మాత్రం ఫోన్లో చెప్పే సాకుగా మిగిలింది.

ఊళ్లో సగం మంది చేత స్టీరింగు పట్టించిన మనిషి, ఇప్పుడు తన కారుకు ముసుగు కప్పేశారు. అద్దాలు మూసిన బండిలో పక్కవాళ్లకు వాసన వస్తుందేమో, సంచి చప్పుడు చేస్తుందేమో అని భయం. ఆ భయంతోనే పక్క గదిలో పడుకుంటున్నారు. బతికొచ్చిన భర్త అద్దెకున్నవాడిలా తిరుగుతుంటే ఆమె లోలోపల కుమిలిపోయేది.

గది తలుపు తెరుచుకుంది. "చుట్టం ఇక్కడున్నాడక్కా" అంటూ మాస్టారు చొక్కా ఎత్తారు. "సాగనంపుతావా?"

వదిన కుర్చీలో కూలబడింది. కాసేపటికి కోపం మళ్లీ కూడదీసుకుంది.

"దీనికోసమా నాకిన్ని అబద్ధాలు? నీ చీమిడి తుడిచినదాన్ని. నా దగ్గరా దాపరికం?"

"ఎప్పుడు మోగుతుందో నా చేతుల్లో లేదక్కా. నేర్చుకునేవాళ్లు ముక్కు మూసుకుంటే నేను తట్టుకోలేను."

"మరి నేను తట్టుకుంటున్నానా?" అంది భార్య. ఆమె గొంతు పెంచడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. "ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నా చెయ్యి వదల్లేదు మీరు. బాగై వచ్చాక వేరే గది చూసుకున్నారు. వాసనంటే నాకు భయం లేదు. మీరు దూరమైతేనే భయం."

పాలు పొంగిపోయాయి, ఎవరూ లేవలేదు.

చివరికి వదినే లేచి పొయ్యి ఆపింది. "కారు తాళాలు తియ్యరా. బేకరీ వ్యాను డ్రైవరు మానేశాడు, నేనే నడుపుకుంటాను. నేర్పు."

"ఈ వయసులోనా?"

"నీకు చేతకాకపోతే చెప్పు, ఇంకొకరి దగ్గర నేర్చుకుంటా."

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. మాస్టారు కారు తీసి, ఖాళీ మైదానం దాకా నడిపి, అక్కతో సీటు మార్చుకున్నారు. బెల్టు సంచి మీద ఒత్తకుండా సర్దుకున్నారు. భార్య వెనక కూర్చుంది. బండి రెండు గంతులేసి ఆగింది. ఆ నిశ్శబ్దంలో పొట్ట దగ్గర బర్రుమని మోగింది. మాస్టారు కొయ్యబారిపోయారు.

"అది నువ్వా, కారా?" అంది అక్క.

"నేనే."

"బతికించావు. గేరు విరగ్గొట్టాననుకున్నా."

మాస్టారికి నవ్వొచ్చింది. ఆపుకోబోయారు, ఆగలేదు. కళ్లు తుడుచుకుని, పాత మాస్టారి గొంతుతో కసిరారు. "నా పొట్ట కాదక్కా, ముందు చూడు. క్లచ్చి మీంచి కాలు మెల్లగా తియ్యి. పిండి తొక్కుతున్నాననుకున్నావా?"

కారు కదిలింది. ఆయన వెనక్కి తిరిగి భార్యను చూశారు.

"నా పక్క మన గదిలో వెయ్యి. మోగితే మాత్రం నన్ననకు."

"మీ గురక కంటే నయమేలెండి" అంది ఆమె, కారే కన్నీళ్లను తుడుచుకోకుండానే.