తెరకు పెట్టిన బొట్టు

ఆ ఉదయం కొన్ని లక్షల ఇళ్ళలో వింధ్యావళి తాలింపు పెడుతోంది. మండపేటలోని ఆమె సొంత ఇంట్లో మాత్రం పొయ్యి వెలగలేదు. రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ, వంటగది గోడకున్న తెరలో తనను తానే చూసుకుంటోంది.

తెరలో ఉన్నది ఆమె ప్రతిమూర్తి. నుదుట నిండైన బొట్టు, చేతుల నిండా గాజులు, నోటి నిండా కబుర్లు. పులుసు కలుపుతూ కలుపుతూ పక్కకు తిరిగి, "ఏవండోయ్, ఉప్పు చూసి పెడుదురూ!" అని గరిటె చాచింది. తెర అంచున రెండు వేళ్ళు కనిపించాయి.

"చిటికెడు తక్కువే," అంది ఒక బొంగురు గొంతు.

అది భీమశంకరం గొంతు. పోయిన మాఘంలో కాలం చేసిన ఆమె భర్తది. ఆ రెండు మాటల కోసమే వింధ్యావళి రోజూ ఆ వేళకి తెర వేసుకుని కూర్చుంటుంది.

ఒకప్పుడు వాళ్ళిద్దరిదీ సొంతచేతి వీడియోల బతుకు. ఆమె వండేది, ఆయన ఫోను పట్టుకునేవాడు. వేళ్ళు అడ్డం వచ్చేవి, మధ్యలో దగ్గేవాడు, ఉప్పు తక్కువైందని జనం ముందే అనేవాడు. ఆ అతుకుల బొంతే జనానికి నచ్చింది. అంతవరకూ వీళ్ళను లెక్కచేయని మహోదయ ప్రసార సంస్థ, చూసేవాళ్ళంతా ఇటు మళ్ళేసరికి, "పోటీ దేనికి, చుట్టరికం కలుపుకుందాం" అంటూ వచ్చింది. వాళ్ళ దగ్గర ప్రతిమూర్తి యంత్రం ఉంది. అది ఒక మనిషిని ఇంటికొకటి చొప్పున చేసిపెడుతుంది. ఏ ఇంట్లో తెర వేస్తే ఆ ఇంటి యాసలో, ఆ ఇంటివాళ్ళకు నచ్చిన వరసలో, ఎదురు జవాబు చెబుతూ మాట్లాడుతుంది. వింధ్యావళి ఒక ఇంట్లో పిన్ని, మరో ఇంట్లో వదిన. సోమవారం సోమవారం రాజమండ్రి వెళ్ళి యంత్రం ముందు కూర్చుని నాలుగు కొత్త కబుర్లు చెప్పి వస్తే చాలు, ప్రతిమూర్తికి వన్నె దిద్దుకుంటారు.

షరతు ఒక్కటే. ప్రతిమూర్తికి విరుద్ధంగా అసలు మనిషి ఎక్కడా కనిపించకూడదు. దాన్ని వాళ్ళు మూర్తిభంగం అంటారు. అది జరిగితే వీడియోలూ, పేరూ అన్నీ సంస్థవే.

భర్త పోయినప్పుడు సంస్థ తరఫున హరివల్లభ్ వచ్చాడు. నెమ్మదైన కుర్రాడు, నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్ని లక్షల ఇళ్ళలో ఒకేసారి చావు కబురు చెప్పలేం మేడమ్. సార్ గొంతు అలాగే ఉంచుదాం. మీరు ఊఁ అంటేనే," అన్నాడు. వింధ్యావళి ఊఁ అంది. సంస్థ కోసం కాదు, ఆ గొంతు కోసం.

మజ్జిగన్నం ముగించి చెయ్యి కడుక్కుంటుండగా వీధి తలుపు చప్పుడైంది. గుమ్మంలో పంచె కట్టిన పెద్దమనిషి, భుజాన సంచి.

"అమ్మా, నా పేరు గవరయ్య. మాది బొబ్బిలి పక్కన. మిమ్మల్ని తోలుకెల్దామని వొచ్చినాను," అన్నాడు.

"ఎక్కడికండీ?"

"అదేటమ్మా అలగంతారు? రేపే గదా మా పిల్ల నీలవేణి సీమంతం! మా ఆడది పైడితల్లి బొట్టెట్టి పిలిసింది. తప్పకుండా వొత్తాను వొదినా, మొదటి గాజులు నానే తొడుగుతాను అన్నారు మీరు. మీరొచ్చిందాకా గాజుల పళ్ళెం ముట్టనని కూకుంది. నిన్నుంచి ఒకటే గోల."

"ఎక్కడ పెట్టారండీ బొట్టు?"

"తెరకేనమ్మా. సరిగ్గా మీ నుదురున్న కాడే," అన్నాడు గవరయ్య. అప్పుడే ఆమె నుదురు చూశాడు. చూసి, చూపు చెప్పుల మీదకు దించుకున్నాడు.

ఆయనను వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, వింధ్యావళి లోపలికి వచ్చి హరివల్లభ్‌కు ఫోను చేసింది. అతను నొచ్చుకున్నాడు. ఎవరు పిలిచినా తప్పకుండా వస్తాను అనడం ఆమె పాత వీడియోల నుంచే ప్రతిమూర్తి నేర్చుకుందట. యంత్రం చేసినవాళ్ళు దాన్ని మర్యాద మాట కింద జమకట్టారట. జమకట్టరూ మరి! బొట్టు పెట్టి పిలిస్తే పగవాడి ఇంటికైనా వెళ్ళాలన్న సంగతి వాళ్ళకెవరు చెప్పారు?

"మీరు వెళ్తే దాగదు మేడమ్. పేరంటంలో ప్రతివాళ్ళ చేతిలో తెర ఉంటుంది. అది మూర్తిభంగమే. మీ వీడియోల సంగతి పైవాళ్ళతో పోట్లాడైనా చూస్తాను. సార్ గొంతు మాత్రం ఆ పూటే తీసేస్తారు. నా చేతుల్లో ఉండదు."

ఆమె చాలాసేపు పెరట్లో నిలబడింది. వెళ్ళకపోతే అడిగేవాళ్ళు లేరు. ఆ మాట ఇచ్చింది తను కాదు. కానీ ఇచ్చింది తన నోటితోనే, తన మర్యాదతోనే. బొబ్బిలి దగ్గర ఎవరో ఒకావిడ పచ్చగాజుల పళ్ళెం ముందు పెట్టుకుని తన కోసం కూర్చుంది. అద్దం దగ్గరికి వెళ్ళి బొట్టుబిళ్ళ ఒకటి తీసింది, నుదుటి దాకా తెచ్చింది. ఇంకో ప్రతిమూర్తినా అనిపించి అట్టకే అంటించేసింది. ఒక జత చీరలు సంచిలో పెట్టుకుని గవరయ్య వెంట బయలుదేరింది.

మర్నాడు పొద్దెక్కేసరికి గవరయ్య ఇల్లు పేరంటాళ్ళతో కిటకిటలాడుతోంది. గోడమీది తెరలో ప్రతిమూర్తి హుషారుగా అంటోంది: "వొచ్చెత్తన్నాను వొదినా! మీ అన్న బండి కడతన్నాడు." దాని నుదుటి మీద ఎండిపోయిన కుంకుమ చుక్క, ఎవరూ తుడవకుండా, అలాగే ఉంది.

"వదినగారూ," అంది వింధ్యావళి గుమ్మంలోంచి. "నేనండీ, వింధ్యని. మాటిచ్చానుగా, వచ్చానండి."

పైడితల్లి తెర వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. నుదురు, మెడ, బోసి చేతులు.

"మా అన్నేడి?"

"పోయారండి. మాఘంలో."

"నిన్న నాతోటి మాటాడినాడు! సెల్లెమ్మా, సిటికెడు తక్కువే అన్నాడు!"

"గొంతేనండీ అది. ఆయన కాదు."

పైడితల్లి ముఖం ఎర్రబడింది. "ఏటి, నా అన్న పోతే నాకు కబురెట్టవా? రోజూ ఇంతింత కబుర్లాడినావు గదే! నిన్ను పలకరించడానికి నాను రానా? ఒక్కదానివే ఏడిసినావా ఇన్నాళ్ళూ?"

పోయిన మాఘం నుంచీ ఆ కోపం వింధ్యావళి మీద ఎవరూ చూపలేదు. పైడితల్లి వచ్చి వాటేసుకోగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. శుభమా అంటూ పేరంటం జరుగుతుంటే ఈ శోకాలేమిటని ఒక ముసలమ్మ గొణిగింది.

"నా అన్నకి నాను ఏడవకపోతే ఎవులేడుత్తారే పెద్దమ్మా?" అంది పైడితల్లి. కొంగుతో ఇద్దరి మొహాలూ తుడిచి, గాజుల పళ్ళెం తెచ్చి వింధ్యావళి చేతిలో పెట్టింది.

"నేను తొడగకూడదండీ..."

"మాటిచ్చినావు గదత్తా," అని పీట మీద నుంచి నీలవేణి చెయ్యి చాచింది.

సరిగ్గా అప్పుడే గోడమీద గరిటె చప్పుడైంది. "చెల్లెమ్మా, చిటికెడు తక్కువే," అన్నాడు భీమశంకరం. ఈ పూటతో ఆ గొంతు ఎక్కడా ఉండదని ఆ ఇంట్లో వింధ్యావళి ఒక్కదానికే తెలుసు. కళ్ళు మూసుకుని చివరి దగ్గు దాకా విన్నది.

పైడితల్లి తెర పక్కన నిలబడి ఆమె వైపు చూసింది. వింధ్యావళి తల ఊపింది.

"ఇంక ఊరుకో అన్నా," అని పైడితల్లి తెర ఆర్పేసింది. "ఇంటికి మనిసొచ్చింది."

"చెయ్యి వదులుగా పెట్టమ్మా," అంటూ వింధ్యావళి మొదటి గాజు తీసింది.