పట్టపగటి బూచి

ఏ దెయ్యమైనా అర్ధరాత్రి తిరుగుతుంది కదా? ఆ ఇంటి వెనకగదిలో ఉన్నది మాత్రం పట్టపగలే గుర్రుమనేది. ఆ కిటికీ కింద బంతి పడితే వీధి పిల్లలు బంతికే నీళ్ళొదులుకునేవాళ్ళు.

ఇది మా మేనమామ చెప్పిన సంగతి. ఆయన కరెంటు పనివాడు. దెయ్యాలంటే నమ్మకం లేదు — ఆ రోజు దాకా.

ఆ ఇంట్లో కరెంటు పోయిందంటే వెళ్ళాడు. ఇంటి పెద్దావిడ ఫ్యూజు తీగ కొనుక్కొస్తానని బయల్దేరుతూ, "నే వచ్చేదాకా వెనకగది తలుపు ముట్టుకోకు నాయనా," అంది గొంతు తగ్గించి. ఎందుకో చెప్పలేదు. ఫ్యూజు పెట్టె చూస్తే ఆ గదిలోనే ఉందాయె! మావయ్య ఊరుకునే రకమా?

గడియ మీద చెయ్యి వేశాడో లేదో, పెద్దావిడ మనవరాలు, నాలుగేళ్ళ పిల్ల, చొక్కా పట్టుకుని లాగింది.

"వద్దంకుల్... లోపల బూచి ఉంది. చప్పుడైతే లేచి తినేస్తుంది... నానమ్మ చెప్పింది."

"బూచీ లేదు, గీచీ లేదు పోవే," అని తలుపు తోశాడు.

లోపల చిమ్మచీకటి. కిటికీకి నల్ల దుప్పటి. తలుపులోంచి పడ్డ వెలుతురులో, మంచం మీద ముసుగుతన్నిన తెల్ల దుప్పటి... దాని కింద నుంచి — గుర్ర్... గుర్ర్...

మావయ్య చేతిలోని స్క్రూడ్రైవర్ టంగుమని జారిపడింది.

గురక ఆగింది.

దుప్పటి లేచి కూర్చుంది. చింతనిప్పుల్లాంటి కళ్ళు, మాసిన గడ్డం, చెవుల్లోంచి వేలాడుతున్న దూది!

"ఎవర్రా... అది?"

"ఓరి నాయనోయ్!" మావయ్య పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చిపడింది. అందరికంటే ముందు పెద్దావిడ.

"వాడు మా అబ్బాయయ్యా! ఎనిమిది నెలలుగా బిస్కెట్ల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. వాడొచ్చేసరికి ఈ పిల్ల లేవదు, వాడు వెళ్ళేసరికి ఇది ఆటల్లో ఉంటుంది. సెలవు రోజు కూడా నిద్రే. ఇది గోల చేసి వాణ్ణి లేపుతుందని, గదిలో బూచి ఉందని బెదిరించా!"

అందరూ పగలబడి నవ్వారు. బూచి కూడా నవ్వి చేతులు చాచింది.

"రా బంగారం..."

పాప కదల్లేదు. మావయ్య కాళ్ళ వెనక నుంచి తల మాత్రం బయటపెట్టి, మెల్లిగా అడిగింది.

"బూచీ... మా నాన్నని ఎప్పుడు తినేశావ్?"

నవ్వులన్నీ ఠక్కున ఆగిపోయాయి. పాపం, ఆ మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే గడ్డం గీసుకుని ఫ్యాక్టరీకి వెళ్ళి, పగటి షిఫ్టు కావాలని కాగితం రాసిచ్చాడట. కారణం అన్నచోట ఏం రాశాడో తెలుసా?

"మా ఇంట్లో దెయ్యం ఉందండీ. అది నేనే."