తూర్పు గాలి చీటీ

కాజీపేట జంక్షన్ వెయిటింగ్ రూమ్‌లో ఇంజనీర్ దావీదును ఎవరో కాల్చేశారు. ప్రాణం పోయేముందు అతను అన్నది ఒక్కటే: "తూర్పు గాలి."

"ఏజెంట్ సుందర్ రావ్," అన్నాడు చీఫ్. "వరంగల్‌లో మన సీక్రెట్ కంప్యూటర్ సెంటర్ ఉంది. పైలట్ చెయ్యి పెట్టకుండా విమానాన్ని దించే ప్రోగ్రామ్ అక్కడ తయారైంది. విదేశీ ముఠా దానిమీద దొంగ కంప్లైంట్లు గుప్పిస్తోంది. వాటి కింద దావీదు కనిపెట్టిన అసలు తప్పు కప్పబడిపోయింది. ఇవాళే మామునూరులో టెస్ట్ ఫ్లైట్. పైలట్ మల్లికార్జున్ బతకాలి. సెంటర్‌లో మన మనిషి ప్రమీల."

మన మనిషేనట! నల్లకళ్ళద్దాలు, సెంటు ఘుమఘుమ, తీయటి నవ్వు. మెకానిక్ వేషంలో వచ్చిన సుందర్ రావును మెషిన్ రూమ్‌లోకి పంపి, బయట తాళం వేసింది.

"దావీదు గూడ నన్ను గిట్లనే నమ్మిండు," అని చెప్పి వెళ్ళిపోయింది.

స్టీలు తలుపు. కిటికీ లేదు. ఫోన్ తీగ తెగి ఉంది. లైటర్‌లో కెమెరా, బూటు మడమలో కత్తి ఉన్నాయి. ఏం చేసుకోవాలి వాటిని, మొహానికి రాసుకోవాలా? గోడకు కంప్లైంట్ చీటీలు వేసే కంత ఒక్కటే ఉంది. అవతల గుమాస్తా కృపమ్మ. ఆమె బోర్డుకు ఎర్రచీటీ తగిలిస్తే ఏ విమానమూ లేవదు.

"అమ్మా, నేను ఏజెంటును. టెస్ట్ ఆపించు. పైలట్ సస్తడు."

"నిన్నగూడ నలుగురు గిట్లనే రాసిండ్రు బిడ్డా, అన్నీ అబద్ధాలే. ఏం చేసినవ్, ఏం రావాలె, ఏమొచ్చింది? మూడూ రాస్తెనే తీసుకుంట."

"ముందు తలుపు తియ్యి."

"తాళంచెవి ప్రమీలమ్మ కాడున్నది."

గోడమీది స్పీకర్‌లో మల్లికార్జున్ గొంతు: "తూర్పు గాలి వీస్తోంది. ఇంజిన్ ఆన్."

దావీదు చివరి మాట అదే! సుందర్ రావు తిట్టుకుంటూ, గాలి తూర్పు నుంచి వీస్తున్నట్టు కార్డు పంచ్ చేసి మెషిన్‌లో వేశాడు. ప్రింటర్ కాగితం కక్కింది. రన్‌వే నేలకు నలభై అడుగుల కింద ఉందట! విమానం దాన్ని వెతుక్కుంటూ నేలలోకే దూరుతుంది.

మూడు జవాబులూ రాశాడు. కింద ప్రమీల సంగతీ రాశాడు. ప్రింట్ జతచేసి కంతలోకి తోశాడు.

"రెడీ ఫర్ టేకాఫ్," అంది స్పీకర్.

అవతల కృపమ్మ చదువుతోంది, ప్రతి అక్షరం.

"ఇది అసలుది," అంది చివరికి. బోర్డు మీద గంట మోగింది.

"స్టాప్! ఎర్రచీటీ!" అని అరిచింది స్పీకర్.

విమానం రన్‌వే చివర ఆగింది. సుందర్ రావు నేలమీద కూలబడి ఏడ్చాడు. కాసేపటికి కబురొచ్చింది: మిలిటరీ పోలీసులు ప్రమీలను మామునూరు గేటు దగ్గర పట్టుకున్నారు, కానీ తాళంచెవిని ఆమె అప్పటికే ఎక్కడో పారేసింది.

"అమ్మా, మరి ఈ తలుపు?"

"తలుపు మా ప్రోగ్రామ్ కిందికి రాదు బిడ్డా, దానికి వేరే సెక్షన్. ఆళ్ళు సోమవారం వస్తరు. జర ఓపిక పట్టు, జొన్నరొట్టె అయితే కంతల పడుతది."